వేలు లేని తాబేలు

"మిషను మీద పాకెట్టు ఎవరు తిన్నారు?"

ఆ కేకకు పెయ్‌లాన్ నమలడం ఆపేసింది. నోట్లో ఉన్నది మింగాలో, ఉమ్మాలో తెలియలేదు.

మియావ్‌లీ ఊరి ఆసుపత్రిలో రెండో అంతస్తు. జన్యు పరీక్షల ల్యాబ్ ముందుగది. ల్యాబ్ పెద్ద ఫాన్ మేడమ్ మనవడికి నెల నిండిందని, అందరికీ పంచడానికి తాబేలు అచ్చు వేసిన కుడుములు చెప్పింది. బుట్ట మోసుకొచ్చిన పెయ్‌లాన్‌ని కూర్చోబెట్టి, "టీ తాగి వెళ్లమ్మా, బల్ల మీద ఏముంటే అది తిను" అని లోపలికి వెళ్లింది. బల్ల మీద టీ ఉంది. టీ పక్కన ఆకుపచ్చ పాకెట్టు, అందులో కొబ్బరి వాసన కొట్టే మొక్కజొన్న బొరుగులు ఉన్నాయి.

ఎదురుగా తెల్లకోటు కుర్రాడు, చేతిలో తుడుపుగుడ్డ. కళ్లద్దాలు ముక్కు చివరికి జారిపోయాయి.

"తుడుద్దామని కిందికి దించాను. అంతే! అంతలోనే తినేశారా?"

"బల్ల మీదుంటే మనుషులదే అనుకున్నా."

"ఆకుపచ్చ పాకెట్టు ల్యాబ్‌లో ఉంటే మిషనుది కాక మనుషులది ఎలా అవుతుంది? మీరు ఈ ఊరివాళ్లేనా?"

పెయ్‌లాన్ పాకెట్టు మూతి మడిచి బల్ల మీద పెట్టేసింది. ఈ ఊళ్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాలా? బ్యాంకులో అయినా, స్టేషన్లో అయినా మిషను నెత్తిన ఆ పాకెట్టు పెడతారు, అది బుద్ధిగా పని చేస్తుందని. దాన్ని విప్పకూడదు. గడువు దాటనివ్వకూడదు. వేరే రంగు అసలు పెట్టకూడదు.

"అయినా ల్యాబ్‌లో ఎవరూ ఏమీ తినకూడదు," అన్నాడు కుర్రాడు.

"మీ మిషను మాత్రం తినొచ్చా?"

అతను కళ్లద్దాలు పైకి తోసుకున్నాడు. లోపల ఫాన్ మేడమ్ నవ్వు వినిపించింది.

ఆ సాయంత్రం ఆ కుర్రాడే స్టేషను వెనక సందులో, పెయ్‌లాన్ వాళ్ల కుడుముల కొట్టు ముందు స్కూటర్ ఆపాడు.

"ఆగిపోయింది," అన్నాడు, ఇంట్లో ఎవరో పోయారన్నట్టు.

పెయ్‌లాన్ అరుగు కింద నుంచి కొత్త ఆకుపచ్చ పాకెట్టు తీసి అతని చేతిలో పెట్టింది. మధ్యాహ్నమే కొని ఉంచింది. భయం ఆమెకూ ఉంది మరి. అతను పాకెట్టు తిరగేసి గడువు తేదీ చూశాడు. మళ్లీ చూశాడు.

"మనుషుల్ని కూడా ఇలా వెనక్కి తిప్పి తేదీ చూసే తీసుకుంటారా?"

"లేదు," అన్నాడు అతను. చెవులు ఎర్రబడ్డాయి. "మనుషులైతే పేరడుగుతాను. నా పేరు కాయ్‌వెన్."

* * *

తర్వాత రోజూ ఏదో ఒక వంక దొరికేది. ఇవాళ ల్యాబ్‌లో పుట్టినరోజు, రేపు ఇంకేదో. లోపల పిండి పిసుకుతూ పెయ్‌లాన్ నాయనమ్మ అన్నీ గమనిస్తూనే ఉండేది. ఊరంతా ఆమెను ఆపో అనే పిలుస్తారు.

"ఆ ల్యాబ్‌లో ఎంతమంది పుట్టారే? ఇన్ని పుట్టినరోజులా?" అనేది.

తల్లి పోయాక, తొమ్మిదో తరగతితో పెయ్‌లాన్ చదువు ఆగింది. అప్పటినుంచి నాయనమ్మ పక్కనే కుడుములు వత్తుతోంది. అచ్చు జానెడు చెక్క. ఒకవైపు తాబేలు, ఒకవైపు పీచ్ పండు. మగపిల్లాడైతే తాబేలు, ఆడపిల్లైతే పండు. నూనె తాగీ తాగీ చెక్క నల్లబడింది. తాబేలు ముందరి ఎడమ పాదంలో ఒక వేలు లేదు, అక్కడ చెక్క చిట్లింది. ప్రతి కుడుమూ ఆ వేలు లేకుండానే దిగుతుంది. పెయ్‌లాన్ బియ్యపుగింజంత ఎర్ర పిండి తీసి, కొనవేలితో అంటించి సరిచేస్తుంది.

"కొత్త అచ్చు చేయించొచ్చుగా, ఆపో?" అన్నాడు ఒకసారి కాయ్‌వెన్.

"దాని జోలికి పోకు." ఆపో ఎప్పుడూ అంత కటువుగా మాట్లాడదు. కాయ్‌వెన్ చేతిలో కుడుము చల్లారిపోయింది.

ఆ ఊళ్లో ఏటా మే నెలలో పట్టే ముసురు మొదలైంది. బస్‌స్టాపు రేకు మీద వాన చప్పుడు. ఒక బెంచీ, ఇద్దరు మనుషులు, మధ్యన ఖాళీ బుట్ట.

"మీ మిషను రోజంతా ఏం చేస్తుంది?"

"కాపీ కొడుతుంది."

"దేన్ని?"

"మనల్ని." కాయ్‌వెన్ ఆమె వానకోటు జిప్పు పట్టుకుని జానెడు కిందికి లాగాడు. "ఇదిగో, డీఎన్ఏ ఇంతే. ఒకవైపు పళ్లు చూస్తే రెండోవైపు ఏముండాలో తెలిసిపోతుంది. ప్రతి పన్నుకీ ఒకటే జత. కణం రెండయ్యే ముందు జిప్పు మొత్తం విప్పుకుంటుంది. ఈ సగం తనకు కొత్త జత కట్టుకుంటుంది, ఆ సగమూ అంతే. ఒక జిప్పు రెండవుతుంది."

"వానలో ఆడపిల్ల కోటు జిప్పు లాగడానికి ఇంత కథ చెప్పాలా?"

అతను వెంటనే పైకి లాగబోయాడు. జిప్పు ఇరుక్కుంది. ఇద్దరి తలలూ దాని మీదికి వంగాయి. నవ్వితే ఊపిరి తగిలేంత దగ్గర. బస్సు వచ్చి, ఎవరూ ఎక్కక, వెళ్లిపోయింది.

"తప్పు జత కడితే?" అడిగింది పెయ్‌లాన్, తల ఎత్తకుండానే.

"కట్టేవాడు వెనక్కి తడుముకుంటాడు. తప్పుంటే పీకి మళ్లీ కడతాడు. అయినా ఎప్పుడో ఒకటి కళ్లుగప్పుతుంది. ఇక అది పిల్లలకూ, వాళ్ల పిల్లలకూ అలాగే కాపీ అవుతూ పోతుంది."

"మా లెక్కల టీచర్ కూడా వెనక్కి చూసుకోమనేది. నేను చూసుకోలేదు."

"చూసుకుని ఉంటే పెద్ద చదువులకు వెళ్లిపోయేదానివి. నా పాకెట్టు ఎవరు తినేవాళ్లు?"

అప్పటికి 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరికీ గుర్తు లేదు.

జన్యువు నుంచి ప్రోటీన్ ఎలా వస్తుందో మాత్రం ఆమెకు వంటింట్లోనే అర్థమైంది. "ఆపో అచ్చును గడప దాటనివ్వదు," అని ఆమె అంటే కాయ్‌వెన్ ఎగిరి గంతేసినంత పని చేశాడు.

"కణంలోనూ అంతే! అసలు అచ్చు లోపలి గదిలోంచి కదలదు. దాని ముద్ర ఒకటి తీసి బయటికి పంపుతారు. బయట వంటవాడు ఆ ముద్రను మూడేసి అక్షరాలుగా చదువుతాడు. ప్రతి మూడింటికీ ఒక పూస. పూస పక్కన పూస గుచ్చితే దండ. దండ మడతలు పడితే ప్రోటీన్. నీ గోరూ అదే, నీ జుట్టూ అదే, నీ రక్తంలో ఊపిరి మోసేదీ అదే."

"అచ్చులో వేలు లేకపోతే?"

"ముద్రలోనూ ఉండదు. ముద్రలో లేనిది కుడుములోకి రాదు."

"నేను అంటిస్తాగా."

"కణంలో నువ్వు లేవుగా, పెయ్‌లాన్."

అతను నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. తర్వాత చాలాసేపు అరిటాకు ముక్కను వేళ్లతో చింపుతూ కూర్చున్నాడు.

"నీకో విషయం చెప్పకుండా నిన్నేమీ అడగలేను. ఎవరికైనా అచ్చులు రెండు. ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. నా రెండింట్లో ఒకదాంట్లో ముక్క లేదు. రక్తంలో ఊపిరి మోసే ప్రోటీన్‌ది. రెండోది బాగుంది కాబట్టి నాకేం కాదు. నువ్వు కూడా ఒకసారి రక్తం చూపించుకుంటావా?"

పెయ్‌లాన్ అతన్ని ఎగాదిగా చూసింది.

"ఉంగరం తెస్తావనుకుంటే సూది తెచ్చావా?"

"సూది తర్వాత ఉంగరం," అన్నాడు కాయ్‌వెన్ బతిమాలుతున్నట్టు.

* * *

పెయ్‌లాన్ రక్తం ఇచ్చి వచ్చాక కాయ్‌వెన్ కొట్టు వైపు రావడం మానేశాడు. వాన మాత్రం రోజూ వచ్చింది. తొమ్మిదితో బడి మానేసిన పిల్ల ల్యాబ్ వాళ్లింటికి కోడలా అని వాళ్లమ్మ అని ఉంటుంది, అనుకుంది పెయ్‌లాన్. అనుకుని ఊరుకోలేక ఆసుపత్రి బయట బస్‌స్టాపులో కాపు కాసింది.

"ఏం సారూ? మా కుడుములు చేదయ్యాయా?"

అతని కళ్లు వాచి ఉన్నాయి. "నీదీ అదే ముక్క," అన్నాడు.

ఆమెకు అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"బిడ్డకు నా మంచిదో, నీ మంచిదో, ఒక్కటి వచ్చినా చాలు. నాలుగింట మూడొంతులు అలాగే వస్తుంది. కానీ ఒక వంతు... నా ఖాళీ, నీ ఖాళీ కలిసి వస్తే, ఆ బిడ్డకు ఊపిరి మోసేది తయారవదు. కడుపులోనే నీరు పట్టి పోతుంది. తల్లికీ ప్రమాదం. రోజూ ఆ పరీక్షలు చేసేవాణ్ణి నేను. ఫలితం కోసం తల్లులు కాచుక్కూర్చునే ఆ బెంచీ మీద నిన్ను కూర్చోబెట్టలేను."

"అందుకని ఇక్కడ ఒంటరిగా కూర్చోబెట్టావా?"

అతను కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు.

"మూడొంతులు మనవైపే ఉందిగా, కాయ్‌వెన్. ఏడుస్తావేం?" అంది పెయ్‌లాన్. అని, తనే ముందు ఏడ్చింది.

రక్తంలో ఏదో తేడా ఉందని చెప్పినప్పుడు ఆపో చెయ్యి అచ్చు మీద ఆగిపోయింది. ఏదో అడగబోయినట్టు పెదవులు కదిలాయి. తర్వాత, "మీ ఇష్టం. పిల్లాడు మంచివాడు," అని పిండిలోకి వంగిపోయింది. పెళ్లయింది.

* * *

కడుపు నిలిచిందని తెలిసిన రోజు నుంచి ఆపో ఫోన్లు ఆగలేదు.

"గోడకు మేకు కొట్టనివ్వకు. మంచం జరపకు. మంచం మీద కత్తెర పెట్టకు తల్లీ. కడుపులో బిడ్డను కాచే దేవుడు ఇంట్లో ఎక్కడ కూర్చుంటాడో తెలియదు. ఆయనకు తగిలితే బిడ్డకు తగులుతుంది."

కాయ్‌వెన్ నవ్వేవాడు. నవ్వినా గడియారం పడిపోతే మేకు కొట్టకుండా టేపుతో అంటించాడు.

ఒకరోజు మధ్యాహ్నం పెయ్‌లాన్‌కి ఎర్ర ఫ్లానెల్ గుడ్డ దొరికింది. మెత్తగా ఉంది. చలికాలం వస్తోంది. పుట్టేది చలి తగ్గాకే అయినా, పసిపిల్లల మాడు మీద ఎప్పుడు గాలి తగులుతుందో ఎవరికి తెలుసు? మంచం మీద కూర్చుని గిన్నె బోర్లించి గీత గీసుకుంది. టోపీ కత్తిరించింది. కత్తెర కరకరమని చివరికి వచ్చాక గుర్తొచ్చింది.

గుడ్డను బీరువాలో బట్టల అడుగున దాచేసింది. కాయ్‌వెన్‌కు చెప్పలేదు. చెబితే నవ్వుతాడు. నవ్వకపోతే ఇంకా భయం.

పరీక్ష రోజు వచ్చింది. కడుపులో బిడ్డ మాయలోంచి సూదితో తీసిన చిటికెడు కండ ఆ మిషన్లోకే వెళ్లింది. పెయ్‌లాన్ అంతకుముందే ఆకుపచ్చ పాకెట్టు కొని, తేదీ రెండుసార్లు చూసి పంపించింది. సొంత బిడ్డది కాబట్టి కాయ్‌వెన్‌ని లోపలికి రానివ్వలేదు. ఫాన్ మేడమే చేసింది. మిషను బుద్ధిగానే పని చేసింది. జిప్పు విప్పింది, కట్టింది, విప్పింది, కట్టింది.

ఫలితం చెప్పే రోజు ఫాన్ మేడమ్ బయటికి వచ్చి, చేతి తొడుగులు ఒక్కో వేలూ లాగుతూ నిలబడింది. తొడుగులు తీయడానికి అంతసేపు పట్టదని కాయ్‌వెన్‌కు తెలుసు.

"మేడమ్," అన్నాడు. "చెప్పకండి."

ఆమె చెప్పలేదు. పక్కన కూర్చుని పెయ్‌లాన్ చెయ్యి పట్టుకుంది.

ఆగినకొద్దీ తల్లికీ ప్రమాదం పెరుగుతుందన్నారు. ఆ వారంలోనే అంతా అయిపోయింది.

* * *

పెయ్‌లాన్ విశ్రాంతికని ఆపో ఇంటికి వచ్చింది. అల్లం, నువ్వులనూనె వేసి వండిన కోడికూర తిన్నది, తిన్నంత. విశ్రాంతి రోజులు అయిపోయాయి. ఆమె తిరిగి వెళ్లలేదు. కాయ్‌వెన్ డ్యూటీ దిగి రోజూ వచ్చేవాడు. స్కూటర్ చప్పుడు వినగానే ఆమె వంటింటి తెర వెనక్కి వెళ్లేది. అతను ఒక కుడుము కొనుక్కుని, అరుగు మీద కూర్చుని తిని వెళ్లేవాడు. చలికాలమంతా అలాగే గడిచింది.

"రోజుకో కుడుము తింటే షుగరొస్తుందిరా అబ్బాయ్," అనేది ఆపో. "పెళ్లాం కావాలంటే పెళ్లాన్ని పిలువు."

"పిలిస్తే రాదు ఆపో. నా ముఖం చూస్తే బిడ్డ గుర్తొస్తుంది. ఆ ఖాళీ ఇచ్చింది నేనేగా."

తెర వెనక పెయ్‌లాన్ నోటికి ఏప్రాన్ చివర అడ్డం పెట్టుకుంది. నువ్వు కాదు, నేను, నేను, అనుకుంది. గడప మాత్రం దాటలేదు.

మళ్లీ మే ముసురు పట్టింది. గిరాకీ లేని ఓ మధ్యాహ్నం కాయ్‌వెన్ తడిసి వచ్చాడు. ఆపో కుడుము ఇవ్వలేదు. స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది. చేతిలో అచ్చు ఉంది.

"నాయనా, నీకు చదువుంది. ఒకటి అడుగుతా. నవ్వకూడదు."

"నవ్వను ఆపో."

"కడుపుతో ఉన్న మనిషి ఉలి పట్టుకుంటే, లోపల బిడ్డకు దెబ్బ తగులుతుందా?"

కాయ్‌వెన్ ఆమె చేతిలోని అచ్చు వైపు చూశాడు. వేలు లేని పాదం పైకి ఉంది.

"నాకు అప్పుడు ఇరవై ఏళ్లుంటాయేమో. తాబేలు వేళ్ల సందుల్లో పిండి గట్టిపడిపోయింది. అత్తగారు చూస్తే తిడుతుందని ఉలితో గీకాను. వేలు ఎగిరిపోయింది. బాబు పుట్టాడు. ఒళ్లంతా నీరు, కాగితంలా తెల్లగా. ఏడవనే లేదు. 'ఉలి పట్టావు కదూ' అంది అత్తగారు. ఆ తర్వాత మీ మామగారు, పెయ్‌లాన్ నాన్న, పుట్టాడు. బాగానే ఉన్నాడు. ఆ తర్వాత పాప. మళ్లీ అలాగే, నీరు పట్టి. ఈసారి ఉలి ముట్టలేదు నాయనా, ఒట్టు. అయినా పోయింది. ముందు చేసిన పాపమే ఇంకా తీరలేదనుకున్నా." ఆపో బొటనవేలు ఆ చిట్లినచోట తిరుగుతోంది. "అందుకే బాగు చేయించలేదు. రోజూ కళ్లబడాలని."

కాయ్‌వెన్ అరుగు మీంచి దిగి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఆపో, మీరు ఉలి పట్టకముందే అది అయిపోయింది. మీరు పుట్టినప్పుడే మీ రెండు అచ్చుల్లో ఒకదాంట్లో ఆ ముక్క లేదు. తాతగారి దాంట్లోనూ లేదు. మీ ఇద్దరి ఖాళీలూ కలిసి ఆ బాబుకు వచ్చాయి. బాబు మొదటి కణంగా ఉన్నప్పుడే వచ్చాయి. ఆ తర్వాత కణం రెండయిన ప్రతిసారీ ఆ ఖాళీ కూడా తప్పు లేకుండా కాపీ అయింది. ఉలి అందే చోటు కాదు ఆపో అది."

"పాపకూ?"

"పాపకూ అంతే."

"నేను కొట్టలేదా?"

"మీరు కొట్టలేదు."

ఆపో అచ్చును పక్కన పెట్టింది. తర్వాత లేచి కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. చేతులకు పిండి లేదు. అయినా కడుగుతూనే ఉంది. భుజాలు కదులుతున్నాయి.

తెర పక్కకు జరిగింది.

పెయ్‌లాన్ చేతిలో ఎర్రగుడ్డ టోపీ ఉంది. వచ్చేటప్పుడు బట్టల్లో పెట్టి తెచ్చుకుంది, ఇంకా కుట్టలేదు.

"కత్తెరయితే?" అంది. టోపీ ముందుకు చాపింది. మళ్లీ అంది. "మంచం మీద కత్తెరతో కోస్తే?"

కాయ్‌వెన్‌కు అప్పుడు తెలిసింది, ఆ చలికాలమంతా ఆమె తెర వెనక ఎందుకు ఉందో.

"దీని గురించా? నా ముఖం చూడలేక కాదా?"

"నీ ముఖం చూస్తే చెప్పాల్సొస్తుందని."

"నేను నావల్లే అని..."

"తెలుసు. రోజూ విన్నాను."

"విని కూడా రాలేదా?" అతని గొంతులో మొదటిసారి కోపం వచ్చింది. వచ్చినంత వేగంగా విరిగిపోయింది. "పెయ్‌లాన్, కత్తెరా కాదు, ఉలీ కాదు. నేనొక్కణ్ణే కాదు. నువ్వొక్కదానివే కాదు. ఒక్కరి ఖాళీ ఎప్పుడూ సరిపోదు. ఇద్దరిదీ కావాలి."

ఆమె వచ్చి అతని పక్కన నేల మీదే కూర్చుంది. టోపీ ఇద్దరి మధ్యా పెట్టింది. ఎవరూ దాన్ని తీయలేదు.

"మళ్లీ ఎప్పుడైనా..." అంది చివరికి.

"ఇప్పుడే చెప్పకు."

"చెప్పట్లేదు. చెప్పినప్పుడు పాకెట్టు నువ్వు కొను. నేను కొంటే కలిసిరావట్లేదు."

"ఆకుపచ్చదే కొంటాను," అన్నాడు కాయ్‌వెన్, ముక్కు తుడుచుకుంటూ.

ఆపో పొయ్యి ముట్టించింది. పిండి తీసింది.

"మన బిడ్డ ఉండుంటే ఈపాటికి నెల నిండేది," అంది, వెనక్కి తిరగకుండా. "బాబా, పాపా?"

"అడగలేదు, ఆపో."

"అయితే రెండూ."

తాబేలు ఒకటి వత్తింది, తను పోగొట్టుకున్న బాబుకు. పండు ఒకటి వత్తింది, పాపకు. ఆపైన పెయ్‌లాన్ బిడ్డకు ఇంకో తాబేలు, ఇంకో పండు. అరిటాకుల మీద పెట్టింది. పెయ్‌లాన్ చెయ్యి అలవాటుగా పిండి చిదిమింది, బియ్యపుగింజంత. తాబేలు పాదం దాకా వెళ్లి ఆగింది. కాసేపు అలాగే ఉండి, ఆ గింజను తిరిగి పిండిలో కలిపేసింది.

నెల నిండిన కుడుములు ఇల్లిల్లూ తిరిగి పంచాలి. ఇవి పంచేవి కావు. కొట్టు తలుపు దించి ముగ్గురే తిన్నారు. ఆపో తన రెండూ తనే తింది, మెల్లగా, చుట్టుపక్కల చూడకుండా.

పెయ్‌లాన్ తమ తాబేలును చేతిలోకి తీసుకుంది. వేలు లేని పాదం తనవైపు ఉంది. కొరకలేకపోయింది. కాయ్‌వెన్ ఆమె చేతుల కింద చేతులు పెట్టి, సరిగ్గా ఆ పాదం దగ్గర, కుడుమును రెండుగా తుంచాడు.

ఒక సగం ఆమె తింది. ఒక సగం అతను తిన్నాడు.